ప్రభువు బల్ల మీద పసుపు మరక

తప్పులు పట్టడమే నా ఉద్యోగం. తిరుత్తణి పక్కన ఒక చేనేత సహకార సంఘంలో నేను గ్రేడింగ్ మాస్టర్ని. నేతగాళ్ళు బట్ట తెచ్చి బల్ల మీద పెడితే మడత విప్పి, వెలుగుకు పట్టి చూడాలి. పోగు తెగిందా, అంచు వంకర పోయిందా, మరక పడిందా తేల్చి ఒకటో రకమనో రెండో రకమనో ముద్ర వెయ్యాలి. అందుకే ఊళ్ళో నాకు అంత మంచి పేరు లేదు. మా సొంత మేనల్లుడి పెళ్ళి పంక్తిలో నా పక్క ఆకు ముందు ఎవరూ కూర్చోలేదంటే మీరే అర్థం చేసుకోండి.

ఇప్పుడు కొత్తగా ఈ పనిలో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఇన్నేళ్ళలో నేను పట్టిన తప్పులు ఒక్కటీ గుర్తులేవు. పట్టకుండా వదిలేసిన తప్పు ఒకటి ఉంది. అది నాకు ఇచ్చినంత తృప్తి ఏ ఇంక్రిమెంటూ ఇవ్వలేదు.

డెబ్బైల చివర్లో మాట. వానలు మొదలైన రోజుల్లో ఒకావిడ గొడుగు ముడుచుకుంటూ సంఘం ఆఫీసుకు వచ్చింది. తెల్లచీర, గడ్డం మీద పుట్టుమచ్చ, ఎడమకాలు కొంచెం ఈడ్చి నడుస్తుంది. తిరువళ్ళూరులో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి ఆ ఏడే రిటైరైందట. అరవం మాట్లాడుతుందనుకున్నాను. అచ్చం మన తెలుగే మాట్లాడింది.

"మా చర్చిలో ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డ పాతదైపోయింది నాయనా. ఈ క్రిస్మస్‌కు కొత్తది ఇస్తానని మొక్కుకున్నా. తెల్లది, ఎర్రంచు, నడుమ చిన్న సిలువ. ఇంకేమీ వద్దు. నూలు మాత్రం సన్నది, ఎనభయ్యో నంబరుది పెట్టించు."

నర్సమ్మకు నూలు నంబరు ఎట్లా తెలుసా అనుకున్నాను కానీ అడగలేదు. ఎవరు నేస్తారని ఆమే అడిగింది. మా సంఘంలో అందరికంటే చెయ్యి తిరిగిన ముసలాయన ఒకరున్నారని, ఫలానా వీధిలో చివరి ఇల్లని చెప్పాను. ముడిచిన గొడుగు అట్లాగే పట్టుకుని కాసేపు నిలబడింది. "సరి" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

ఆ ముసలాయన్ని మేమందరం పెద్దాయనా అని పిలిచేవాళ్ళం. మాట తక్కువ, పని ఎక్కువ. నేను నూలు తీసుకుపోయేసరికి గుంట మగ్గంలో కూర్చుని ఉన్నాడు. చర్చికి అనగానే తల అడ్డంగా ఊపినాడు.

"నేను నెయ్యను. ఇంకొకరికి ఇయ్యి."

"ఎందుకు పెద్దాయనా? సిలువ అంత నున్నగా తీసే చెయ్యి ఇంకెవరికుండాది?"

"చెప్పినా గదా అబ్బయా. నెయ్యను."

సరేనని నూలు సంచి మళ్ళీ భుజానికెత్తుకున్నాను. ఊరికే పోకుండా నోటి దురదకొద్దీ, "ఆ నర్సమ్మకు ఏం చెప్పాల్నో ఏమో. పాపం, కాలు ఈడ్చుకుంటా అంత దూరం నుంచి వచ్చింది. మాట కూడా మన మాటే" అన్నాను.

ఆడుతున్న మగ్గం ఆగింది.

"ఏ కాలు?"

"ఎడమది."

"గడ్డం మీద మచ్చ ఉండాదా?"

ఉందన్నాను. ఆయన నా వైపు చూడలేదు. పోగులు సవరిస్తున్నట్టు చేతులు కదిలిస్తూ కూర్చున్నాడు. కొంతసేపటికి, "నూలు ఆడ పెట్టి పో" అన్నాడు. కూలి పోతుందని మనసు మార్చుకున్నాడు కాబోలు అనుకుని నా తెలివికి నేనే మురిసిపోతూ వచ్చేశాను.

మూడు రోజుల పని అది. నెల దాటినా బట్ట రాలేదు. రెండుసార్లు పోయి విసుక్కున్నాను. రెండుసార్లూ, నేసింది నచ్చక మొత్తం తీసేసినానని చెప్పినాడు. క్రిస్మస్ ఇంకో వారం ఉందనగా తెచ్చి నా బల్ల మీద పెట్టినాడు. నేనసలు పప్పులో కాలేసింది ఇక్కడే.

మాలో ఒక పద్ధతి ఉండేది. అది ఏ రూలు పుస్తకంలోనూ లేదు. చెయ్యి తిరిగిన పెద్దవాళ్ళు నేసిన బట్ట మడత విప్పి చూడకూడదు. చూస్తే వాళ్ళను అనుమానించినట్టు. నాకు పని నేర్పిన మాస్టరు కూడా ఆ పెద్దాయన బట్టకు దణ్ణం పెట్టినట్టు పై మడత మీద చెయ్యి వేసి ముద్ర కొట్టేవాడు. నేనూ అంతే చేశాను. మడత విప్పకుండా ముద్ర వేసి, కాగితంలో చుట్టి, ఆదివారం ప్యాసింజర్ బండెక్కి తిరువళ్ళూరులో దిగాను.

చర్చికి పోయేసరికి ఆరాధన అయిపోయి చర్చి పెద్దలు లోపలే కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుని ఉన్నారు. చిన్న చర్చి, అంతా కలిస్తే ముప్పై కుటుంబాలు. తెలుగు, అరవం రెండూ కలిపి మాట్లాడుకుంటారు. పాస్టరయ్యగారు నెరిసిన జుట్టు, సన్నటి మనిషి. నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, "ఒక్క పది నిమిషాలు తంబీ, మా ఇంట్లో చిన్న తగాదా నడస్తా ఉండాది" అన్నాడు. నర్సమ్మ ఒక మూల కూర్చుని ఉంది.

తగాదా పెట్టినాయన హైస్కూలు లెక్కల పంతులు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. సాయంత్రాల్లో వాక్యం చెబుతాడట. చేతిలో నోటు పుస్తకం, అందులో వరసగా రాసుకున్న ప్రశ్నలు.

"డిసెంబరు ఇరవై అయిదని బైబిల్లో యాడుండాది? చూపించండి. ఆ కాలంలో రోము వాళ్ళు సూర్యుడికి పండగ చేసేవాళ్ళు. జనం ఆ పండగ మానలేదు, మనోళ్ళు పేరు మార్చి పెట్టుకున్నారు. పచ్చచెట్టు యాడిది? చలిదేశాల్లో చెట్లను కొలిచినోళ్ళది. మనమేం తక్కువా? మన తాతలు కార్తీకంలో ఆకాశదీపం కట్టినారు, మనం కాగితం నక్షత్రం కడతా ఉండాం. మార్గళి నెల, అదే ధనుర్మాసం ముగ్గు చర్చి వాకిట్లో వేస్తా ఉండాం. ఇవన్నీ తీసేస్తే మిగిలేదే నిజమైన భక్తి. ఈ ఏడు నుంచీ తీసేద్దాం."

పాస్టరయ్యగారు నింపాదిగా విన్నాడు. "రోము వాళ్ళ మాట కాదనే పండితులు కూడా ఉండారు పంతులూ. మరియమ్మ మార్చిలో గర్భం దాల్చిందనుకుని దానికి తొమ్మిది నెలలు కలిపినారని వాళ్ళంటారు. లెక్కలోడివి గదా, నీకు ఆ లెక్కే నచ్చాల."

అందరూ నవ్వారు. పంతులు కూడా నవ్వినాడు. నాకు అతను నచ్చింది అప్పుడే. అయ్యగారు నా వైపు తిరిగి, "మీ తిరుత్తణిలో ఇట్లాంటి గొడవలు లేవా తంబీ?" అన్నాడు.

నోరు మూసుకుని కూర్చోవచ్చు కదా. "ఎందుకు లేవయ్యా" అన్నాను. "మా కొండకు మూడు వందల అరవై అయిదు మెట్లు. ఇంగ్లీషు సంవత్సరం ఆఖరి రోజున భజన చేస్తా ఒక్కో మెట్టుకూ పూజ చేసుకుంటా ఎక్కుతారు. ఉగాదికి కాదు, అరవోళ్ళ చిత్తిర సంవత్సరాదికి కాదు. డిసెంబరు ముప్పై ఒకటికి. మా దేవుడు కూడా ఇంగ్లీషు క్యాలెండరే చూస్తాడు."

మళ్ళీ నవ్వులు. పంతులు మాత్రం నన్ను వదల్లేదు. "అన్నా, మీరు వేడుక కోసం తీసుకున్నారు, అది వేడుకని ఒప్పుకుంటారు. మేము తీసుకుని, ఇదే సత్యం అని చెప్తా ఉండాం. ఆ తేడా లేదా?" అన్నాడు. నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మాట మార్చడానికి అయ్యగారు, "ముందు మా నర్సమ్మ మొక్కు చూద్దాం" అన్నాడు. నేను కాగితం విప్పి బల్ల మీద గుడ్డ పరిచాను. అందరూ ఆహా అన్నారు. పాలమీగడ లాంటి తెలుపు, చేత్తో తడిమితే అంచు ఎక్కడ కలిసిందో తెలియదు. నర్సమ్మ లేచి వచ్చి సిలువ మీద వేళ్ళు పెట్టింది. నేను గర్వంగా ఆఖరి మడత విప్పాను.

మూలన పసుపు. బొటనవేలంత మరక, నడుమ కుంకుమ చుక్క.

పంతులు అరవలేదు, చాలా మెల్లిగా అన్నాడు: "ఇదో. నేను చెప్తా ఉండేది ఇదే. ఇది తప్పెట కొట్టుకుంటా రాదయ్యా. మడతలో వస్తాది."

ఆ మాట నా ఉద్యోగం మీద చెప్పినట్టే ఉంది. మడత విప్పాల్సినవాడిని నేను. ఇంకోపక్క, ఇది పెద్దాయన మీదికి పోతే చర్చి గుడ్డ కావాలనే పాడు చేశాడని మాట వస్తుంది. ఈ ముసలావిడ మొక్కు మంటగలుస్తుంది. ఏమీ తోచక అబద్ధమాడేశాను.

"తప్పు నాది. కొత్త బట్ట గదా, అలవాటు కొద్దీ చెయ్యి పోయింది. పసుపు పెట్టింది నేనే. క్షమించండి."

నర్సమ్మ ఆ మూల ఎత్తి పట్టుకుని చూస్తూ ఉంది. నా వైపు తిరగకుండానే అడిగింది.

"నువ్వు నేతోళ్ళ ఇంట్లో పుట్టినావా నాయనా?"

"పుట్టినానమ్మా."

"అమ్మే బట్టకు పసుపు పెడతారా మీ ఇంట్లో?"

దొరికిపోయాను. పెట్టరు. కొన్నవాళ్ళు వాళ్ళింట్లో పెట్టుకుని కట్టుకుంటారు. మా వాడలో నేసినవాడు తన చేత్తో పసుపు పెట్టే బట్ట ఒక్కటే. అది ఆ ఇంటి ఆడబిడ్డకు పెట్టే బట్ట.

"ఇది మా అన్న చెయ్యి" అంది ఆమె.

తర్వాత ఆమె చెప్పింది కొంచెమే. పద్నాలుగేళ్ళప్పుడు కాలికి పుండు లేచి చీము పట్టిందట. కాలు తీసెయ్యాలన్నారట. అన్న ఎద్దుల బండిలో తెచ్చి మిషన్ ఆసుపత్రిలో పడేసినాడు. ఆరు నెలలు ఆ నర్సులే కడిగి కట్టుకట్టి కాలు నిలబెట్టినారు. అక్కడే ఉండి పని నేర్చుకుంది, కొన్నేళ్ళకు బాప్తిస్మం తీసుకుంది. ఆ కబురు ఊళ్ళో తెలిసిన రోజు తండ్రి ఇంటిల్లిపాదికీ తలకు నీళ్ళు పోయించినాడు. బిడ్డ చచ్చిపోయిందని.

"మా అన్న గూడా పోసుకున్నాడంట. దగ్గర దగ్గర నలభై ఏండ్లాయె. నేను చచ్చిపోయినట్టే ఉండాను వాళ్ళకి. చచ్చినోళ్ళకు ఎవురూ పసుపు పెట్టి బట్ట పంపరు గదా నాయనా."

ఆమె ఏడవలేదు. నెల రోజులు పెద్దాయన మీద విసుక్కున్నది గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

పంతులు నోటు పుస్తకం మూసినాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు సుఖంగా ఉండేది. "అక్కా, తప్పు పట్టుకోవద్దు" అన్నాడు. "మీ అన్న మనసు మంచిదే. సబ్బు పెట్టి ఎండలో ఆరేస్తే పసుపు పోతాది. బట్ట అట్లనే ఉంటాది. అప్పుడు పరుద్దాం. ప్రభువు బల్ల మీద ఆ గుర్తు ఉండకూడదు."

ఆ మాటలో న్యాయం ఉంది. అదే కష్టం. కడిగితే బట్ట మిగులుతుంది, అన్న చెప్పిన మాట పోతుంది. కడగకపోతే, అది ఆమె మొక్కుకున్న చోట పరవడానికి లేదు. ఆమె ఆ మూలను గుప్పిట్లో పట్టుకుని అయ్యగారి వైపు చూసింది.

అయ్యగారు పంతుల్ని అడిగినాడు. "పోయిన వైశాఖంలో నీ పెండ్లి ఈ బల్ల ముందరే నేను చేసినా. పసుపుతాడుతో తాళి కట్టినావు. అది యాడనుంచి వచ్చింది?"

"దాని గురించి గూడా ఆలోచిస్తా ఉండానయ్యా."

"తీసెయ్యమని నీ భార్యకు చెప్పినావా?"

"చెప్పినా. వినలే."

అంత బిగువులోనూ ఎవరో కిసుక్కుమన్నారు. ఇక ఆగలేక అందరూ నవ్వేశారు. నర్సమ్మ కూడా.

నవ్వులు అణిగాక అయ్యగారు అన్నాడు: "నువ్వు చదివినవన్నీ అబద్ధాలని నేను చెప్పను పంతులూ. చెట్టు వాళ్ళదే, ముగ్గు వీళ్ళదే. ఏది ఎవరు పెట్టినారు, ఎందుకు పెట్టినారు అని ఒక్కోదాన్నీ అడగాల. ఇది ఇంకో దేవుడికి పెట్టిన గుర్తయితే నేనే బిందెడు నీళ్ళు తెస్తా. అన్న చెల్లెలికి రాసిన జాబయితే, దాన్ని కడిగేదానికి నేనెవర్ని? చెప్పు నర్సమ్మా."

"పరచండయ్యా" అంది ఆమె.

పంతులు లేచినాడు. "అయితే ఈసారి పండగ ఆరాధనకు నేను లోపలికి రాలేను. కోపంతో కాదయ్యా. మనసొప్పక."

"మనసు చంపుకొని రావద్దు. వచ్చి బయట బెంచీ మీద కూర్చో. పండగ పూట ఇంట్లో ఒంటిగా ఉండొద్దు."

సరేనన్నాడు. ఒక ఆఫీసు మీటింగులో గానీ, యూనియన్ మీటింగులో గానీ అంత గట్టిగా వాదించుకుని, ఒకరి మీద ఒకరు చెయ్యి వేసుకుని బయటికి వచ్చిన మనుషుల్ని నేను మళ్ళీ చూడలేదు. ఇద్దరికీ నా నమస్కారం.

తిరుత్తణి చేరి ఇంటికి కూడా పోకుండా నేరుగా పెద్దాయన మగ్గం దగ్గరికి పోయాను. "ఎంత పని చేసినావు పెద్దాయనా! అందురి ముందరా నేను అబద్ధమాడి దొరికిపోయినా" అని మొదలుపెట్టి జరిగిందంతా చెప్పాను. నా పరువు సంగతి ఆయనకు పట్టలేదు.

"కడిగినారా?"

"లేదు."

"ఆమె చూసిందా?"

"చూసింది. ఆ మూల పట్టుకునే కూర్చుంది."

పెద్దాయన పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు. "కోపం మా నాయనది అబ్బయా. ఆయన పోయినాక దించేద్దామనుకున్నా. యాడ దించాల్నో తెలీకపాయె" అన్నాడు. అన్నేళ్ళలో ఆయన నాతో అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అదే మొదలు.

క్రిస్మస్ నాడు రమ్మని బతిమాలాను. చర్చి లోపల కాలు పెట్టనన్నాడు. "పెట్టొద్దు. బయట బెంచీ ఉండాది" అన్నాను.

పొద్దున బండికి ఇద్దరం పోయాం. చర్చి వాకిట్లో ముగ్గు ఉంది, పైన కాగితం నక్షత్రం వేలాడుతోంది, దాని కిందే బెంచీ మీద లెక్కల పంతులు కూర్చుని ఉన్నాడు. లోపల పాటలు మొదలయ్యాయి. నేను గడప దగ్గర నిలబడ్డాను. అటు చూస్తే బల్ల మీద తెల్లగుడ్డ, ఇటు చూస్తే బెంచీ మీద వీళ్ళిద్దరూ.

"నువ్వెందుకు లోపలికి పోలేదు నాయనా?" అని పెద్దాయన అడిగినాడు. ఈయనెవరో పంతులుకు తెలియదు.

"లోపల మీ ఆచారాలు ఎక్కువైపోయినాయి పెద్దాయనా. మీరెందుకు పోలేదు?"

"లోపల మీ ఆచారాలే ఉండాయి గదా, అందుకని."

పంతులు పగలబడి నవ్వినాడు. పెద్దాయన నవ్వడం నేను అప్పుడే చూశాను. కాసేపటికి ఆ చేతివేళ్ళకు కాయలు కాసి ఉండటం పంతులు గమనించినట్టున్నాడు. "ఆ గుడ్డ..." అని మొదలుపెట్టి ఆగిపోయినాడు. పెద్దాయన తలూపినాడు. ఎండ ముసలాయన ముఖం మీద పడుతుంటే పంతులు లేచి, తాను ఎండ వైపు కూర్చుని ఆయన్ని నీడకు జరిపినాడు.

ఆరాధన అయిపోయింది. కొత్తబట్టల జనం బయటికి వస్తున్నారు. అందరి వెనక నర్సమ్మ, ఎడమకాలు ఈడ్చుకుంటూ వచ్చింది. ఆయన వస్తాడని నేను ముందుగా కబురు పెట్టలేదు, రాకపోతే ఆమె మనసు విరిగిపోతుందని. మెట్టు దిగి తలెత్తింది. పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా నాలుగడుగుల దూరం. నలభై ఏళ్ళ తర్వాత మొదటి మాట ఏమై ఉంటుందా అని నేను ఇంకో అడుగు దగ్గరికి జరిగాను. ఏడుపులుంటాయి, నిష్ఠూరాలుంటాయి అనుకున్నాను.

"అన్నా, ఏమన్నా తిన్నావా?" అంది.

"లేదు" అన్నాడు పెద్దాయన. "పొద్దున్నే బండెక్కినా."

"పద, ఇంటికి పోదాం. ఇడ్లీ పోసి పెట్టినా." ఆయన మణికట్టు పట్టుకుంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. పంతులు బెంచీ దగ్గరే, ఎటు చూడాలో తెలియక నిలబడి ఉన్నాడు.

"నువ్వూ రా పంతులూ" అంది. "ఇడ్లీ ఏ దేవుడిదీ కాదులే."

నలుగురం పోయాం. పంతులు ఎనిమిది తిన్నాడు.